పద్నాలుగు మందికి ఒక్క ఒళ్ళు

ఆ లాండ్రీలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు పనిచేసేవారు. వాళ్ళలో జబ్బు చేస్తే ధైర్యంగా ఆసుపత్రి గడప తొక్కగలిగినది ఒక్కావిడే. ఆవిడ దగ్గర ఆరోగ్య కార్డు ఉండేది. అందుకని అందరూ ఆవిడని కార్డక్క అనేవారు. ఆవిడ అసలు పేరు, పుట్టిన తేదీ, పోయిన మొగుడి పేరు కూడా పద్నాలుగు మందికీ కంఠతా వచ్చు. ఎందుకు వచ్చో ముందు ముందు తెలుస్తుంది.

ఊళ్ళో నాలుగు ఆసుపత్రుల పక్కబట్టలన్నీ ఆ లాండ్రీకే వచ్చేవి. ముందు గదిలో మూటలు విప్పి మరకలు చూసి వేరు చేసేవాళ్ళు, నడిమి గదిలో యంత్రాల దగ్గర నిలబడేవాళ్ళు, వెనక గదిలో ఇస్త్రీలూ మడతలూ. కిటికీలు బాగా ఎత్తులో ఉండేవి. వెలుతురు లోపలికి వచ్చేది గానీ బయట ఏం జరుగుతోందో కనపడేది కాదు. ఆవిరికి గోడల సున్నం పొక్కులు లేచి రాలుతుండేది.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని దూరం జరిగి బిగలాగాలి, దగ్గరికొచ్చి కొసలు కలపాలి, మళ్ళీ దూరం జరగాలి. కార్డక్కకి ఎదురుగా నిలబడి పంతొమ్మిదేళ్ళుగా రెండో కొస పట్టుకున్నది మడతల పిన్ని. లాండ్రీలో అందరికీ ఆవిడ పిన్నే. తనకన్నా రెండేళ్ళు చిన్నదాన్ని పిన్నీ అని పిలవడం కార్డక్కకి బాగుండక 'మడతలూ' అనేది.

పిన్నికి ప్రతిదానికీ భయమే. యంత్రం కొత్తగా మూలిగితే భయం, గుమాస్తా నవ్వితే భయం. ఎవరైనా సెలవు పెట్టి ఊరెళ్తుంటే గేటు దాకా వెంటవెళ్ళి, వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడి, తిరిగొచ్చాక రెండు దుప్పట్లు మడిచేదాకా మాట్లాడేది కాదు. "ఊరెళ్తోంది, యుద్ధానికి కాదే" అనేది కార్డక్క. "ఏమో అక్కా, వెళ్ళినవాళ్ళంతా ఊరికే వెళ్ళారా" అనేది పిన్ని.

ఒకప్పుడు ఆ లాండ్రీ ఆసుపత్రి వాళ్ళదే. దాన్ని కాంట్రాక్టరుకి అప్పగించిన ఏడాది పైవాళ్ళు ఒక గీత గీశారు. ఫలానా తేదీకి ముందు చేరినవాళ్ళు పర్మనెంటు, తరవాత చేరినవాళ్ళు కాంట్రాక్టు. పాతవాళ్ళంతా రిటైరై వెళ్ళిపోగా గీతకి అవతల మిగిలింది కార్డక్క ఒక్కతే. పిన్ని ఆ తేదీకి నాలుగు నెలలు ఆలస్యంగా చేరింది. "నాలుగు నెలలంటే పసిబిడ్డ బోర్లా పడేపాటి కాలం. ఆ కాస్తకీ మన బతుకు బోర్లా పడింది" అనుకునేది.

కాంట్రాక్టు వాళ్ళకి కార్డు లేదు. కార్డు అడగని పెద్దాసుపత్రి ఉన్నది మూడు గంటల దూరంలో, వెళ్ళినా మంచం దొరకదు. పేదల పథకంలో చేరదామంటే, జీతం వస్తోంది గనక మీరు పేదలు కాదన్నారు. సొంతంగా బీమా కట్టుకుందామంటే ఆ కంపెనీవాళ్ళు చెప్పిన మాట విని ఇస్త్రీ వదిన, "అది కడితే తిండి మానేయాలి, తిండి మానేస్తే జబ్బు చేస్తుంది, అప్పుడు బీమా పనికొస్తుంది" అంది. అందరూ నవ్వారు. నవ్వాక ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

ఆ వదినకే పదకొండేళ్ళ కిందట ఇరవైనాలుగ్గంటల నొప్పి వచ్చింది. ఇస్త్రీ బల్ల కింద ముడుచుకుని పడుకుని పళ్ళు కొరుకుతుంటే కార్డక్క తన కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. అప్పటికే ఆ కార్డు ఒకసారి ఏప్రాను జేబులో ఉండిపోయి మరుగునీళ్ళ యంత్రంలో పడింది. తొడుగులోకి నీళ్ళు దూరి ఫొటో చెదిరింది. నంబరు నిలిచింది గానీ మొహం నిలవలేదు. ఒక ముక్కూ, చెవీ, పాపిడీ మిగిలాయి. "ఇది ఇప్పుడు ఎవరి మొహమైనా కావచ్చు. వెళ్ళు. నా పేరు చెప్పు" అంది కార్డక్క.

వదిన బతికి వచ్చింది. అలా మొదలైంది.

ఆసుపత్రికి వెళ్ళబోయే మనిషిని తయారు చేసే పని పిన్నిది. భయస్తురాలు గనక ఎక్కడ దొరికిపోతారో ఆవిడకే ముందు తట్టేది. మడతబల్ల దగ్గర నిలబెట్టి ప్రశ్నలు వేసేది.

"పుట్టిన తేదీ?"

అవతలి మనిషి టక్కున చెప్పేది.

"అంత గబుక్కున చెప్పకు. మన వయసువాళ్ళు తేదీ అంత బాగా గుర్తుపెట్టుకుంటే అనుమానం వస్తుంది. కాస్త పైకి చూసి చెప్పు. భర్త?"

"పోయాడండి."

"పోయాడని ఆ నవ్వేంటే?"

"నాకు ఉన్నాడు కదా పిన్నీ. ఏడుపు రావట్లేదు."

"అయితే ఉన్నందుకే ఏడువు" అని కార్డక్క దుప్పటి అవతలి నుంచి అనేది.

అందరి నవ్వుల మధ్యా పిన్ని మాత్రం నవ్వేది కాదు. ఆవిడ మనసులో ఇంకో సంగతి మెదులుతుండేది. ఆసుపత్రి కంప్యూటరు ఏదీ మరిచిపోదు. వదిన అపెండిక్సు పోయిందంటే కాగితాల మీద పోయింది కార్డక్కదే. ఒక మనిషికి అది ఒకటే ఉంటుంది. ఇంకెవరికైనా ఆ నొప్పి వస్తే ఇక కుదరదు. అలా ఒక్కొక్కటీ ఖర్చవుతూ వచ్చింది. యంత్రాల దగ్గర నిలబడే ఆవిడ కుడికన్ను పొర, ఆ తరవాత ఇంకొకావిడ ఎడమకన్ను పొర. రెండు కళ్ళూ అయిపోయాయి. గర్భసంచి అయిపోయింది. విరిగిన మోచేయి అయింది, రెండోది ఇంకా మిగిలి ఉందని పిన్ని గుర్తుపెట్టుకునేది. కార్డక్కకి మాత్రం పదకొండేళ్ళలో జలుబు తప్ప ఏమీ రాలేదు. "ఈ ఊళ్ళో నా అంత రోగిష్టిది లేదు, నా అంత గట్టిపిండమూ లేదు" అని భుజాలు ఎగరేసేది.

ఆరేళ్ళ కిందట పిన్నికి పక్కటెముకల కింద పోటు వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళన్నారు. తీసేశారు. ఆవిడ ప్రశ్నలు ఆవిడే వేసుకుని, జవాబులు ఆవిడే చెప్పుకుని, కార్డు పట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక కార్డక్క, "ఏమే మడతలూ, నా కడుపులోంచి ఏం పట్టుకుపోయావు?" అంది. "రాళ్ళక్కా" అంది పిన్ని. "పోనీలే, బరువు తగ్గింది."

నవ్వలేని సంగతి ఒకటుంది. చిరిగిన దుప్పట్లు రఫూ చేసే ఆవిడ ఒకతి ఉండేది. మాట తక్కువ మనిషి. ఆవిడకి గర్భసంచిలో గడ్డలు. నెలలో ఇరవై రోజులు ఎర్రబట్టే. పిన్ని దగ్గరికి వచ్చి నిలబడింది. కార్డు అడగడానికి వచ్చిందని పిన్నికి తెలుసు. కార్డక్క గర్భసంచి రెండేళ్ళ కిందటే అయిపోయిందనీ తెలుసు. "అది... అది అయిపోయిందమ్మా" అంది. ఆవిడ తలూపింది. అంగట్లో సరుకు లేదంటే తలూపినట్టే ఊపింది. నాలుగు వారాలకి పుట్టింటికి వెళ్ళిపోయింది. పిన్ని గేటు దాకా వెళ్ళింది. ఆ రోజు మలుపు దగ్గర లారీ అడ్డం వచ్చి, ఆవిడ వెనక్కి తిరిగిందో లేదో కనపడలేదు. తరవాత ఏ కబురూ రాలేదు.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున కార్డక్క దుప్పటి కొస వదిలేసింది.

వదిలేసి, పొట్ట పట్టుకుని, మడతబల్లకి ఆనుకుంది. నుదుటి మీద చెమట. కుడిపక్క, పక్కటెముకల కింద, వీపులోకి పొడుస్తోందంది. ఆ పోటు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో పిన్నికి తెలుసు.

ఆసుపత్రిలో స్కాను తీశారు. కుర్ర డాక్టరు ఒకసారి తెర చూశాడు, ఒకసారి కాగితం చూశాడు.

"అమ్మా, మీకు ఆరేళ్ళ కిందట పిత్తాశయం తీసేశారని ఇక్కడ ఉంది. స్కానులో చూస్తే వాచిపోయి, రాళ్ళతో, నిక్షేపంలా ఉంది. ఇదెలా?"

కార్డక్క మంచం మీద నుంచి ఆయన వంక అమాయకంగా చూసింది.

"ఏమో బాబూ. మళ్ళీ మొలిచిందేమో."

డాక్టరు నవ్వబోయి ఆగాడు. తలుపు పక్కన నిలబడ్డ పిన్ని వంక చూశాడు. పిన్ని నేల చూసింది. ఆయనకి సగం అర్థమైందనే ఆవిడకి అనిపించింది. కానీ ఆపరేషనుకి సరే అనాల్సింది ఆయన కాదు, కింద కార్డుల కిటికీ. అక్కడి గుమాస్తా కాగితం తిప్పి పంపాడు. తీసేసిన దాన్ని మళ్ళీ తీయడానికి కంప్యూటరు ఒప్పుకోవడం లేదన్నాడు. పైఆఫీసుకి రాశామనీ, మనిషెవరో తేల్చి చెప్తారనీ, అప్పటిదాకా మందులతో ఆపమనీ అన్నాడు.

మంగళవారం జ్వరం వచ్చింది. బుధవారం కళ్ళు పచ్చబడ్డాయి.

బుధవారమే లాయరమ్మ లాండ్రీకి వచ్చింది. సన్నటి మనిషి, భుజానికి ఎప్పుడూ కాగితాలు కుక్కిన సంచి. రెండేళ్ళుగా ఈ కాంట్రాక్టు వాళ్ళ కోసం కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది. పైసా తీసుకోదు. కాంట్రాక్టు పనివాళ్ళని కూడా ఆరోగ్య పథకంలో చేర్చాలనీ, వాళ్ళు కట్టగలిగినంతే జీతంలో కోసుకోవాలనీ పిటిషను వేసింది. దాని మీద కమిటీ విచారణ గురువారం. లాండ్రీ తరఫున మాట్లాడేది పిన్ని. చదవడం రాయడం వచ్చినది ఆవిడకే గనక.

"ఏం భయపడకండి పిన్నీ. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు" అంది లాయరమ్మ.

ఉన్నది ఏమిటో లాయరమ్మకి తెలియదు. కార్డు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మంచి మనిషి గనకే చెప్పలేదు.

గురువారం పొద్దున విచారణకి వెళ్తూ పిన్ని ఆసుపత్రిలో ఆగింది. కార్డక్క మొహం మైనం రంగుకి తిరిగింది. పిన్ని మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి, "అక్కా, నేను చెప్పేస్తానే. ఆరేళ్ళ కిందట తీసింది నాదని చెప్తే ఆపరేషను చేస్తారు" అంది.

"చెప్తే కార్డు పీకేస్తారు. కార్డు లేకపోతే ఎవడు చేస్తాడే?"

"చెప్పకపోతే ఈ కాగితం కదలదు."

"పైఆఫీసు వాళ్ళు తేలుస్తారుగా. తేల్చనీ." కార్డక్క ఊపిరి తీసుకుంది. "నేను నాలుగు రోజుల్లో లేచి వస్తాను. కార్డు పోయిందంటే అది లేచి రాదు. మూటల దగ్గర కొత్తమ్మాయికి రెండో నెల, గుర్తుందా?"

"యాభై నాలుగేళ్ళదానివి, నీ పేరున పురుడెలా పోస్తారే?"

"గర్భసంచి కూడా లేదుగా నాకు" అని కార్డక్క నవ్వబోయింది. నవ్వు పక్కలో పొడిచింది. కళ్ళు మూసుకుని, "నోరు జారకు మడతలూ. వాళ్ళు మీ అందరికీ కార్డులిస్తామంటే అప్పుడు చెప్పు. అప్పుడు ఎవరి ఒళ్ళు వాళ్ళదే" అంది.

ఆ ఒక్క మాటా పట్టుకుని పిన్ని బస్సెక్కింది. కమిటీ వాళ్ళు సరే అంటే చాలు. అందరికీ కార్డులొస్తే ఒక్క కార్డు పోయినా ఎవరూ మునిగిపోరు. కార్డక్క కూడా కొత్త కార్డు మీద ఆపరేషను చేయించుకోవచ్చు. అదెంత దూరం ఆలోచనో ఆవిడకీ తెలుసు. అయినా బస్సు కడ్డీ పట్టుకున్నట్టు దాన్నే పట్టుకుంది.

విచారణ గదిలో పొడుగు బల్ల, దాని వెనక అయిదుగురు. మధ్యలో అధ్యక్షుడు, తెల్లజుట్టు, నెమ్మదైన మనిషి. చివర పథకం ఆఫీసు అధికారి, ముందు లావుపాటి ఫైలు. లాయరమ్మ చక్కగా మాట్లాడింది. గీతకి ఇటు పడ్డవాళ్ళు ఎవరి లెక్కలోకీ రావడం లేదంది. అటు పేదలు కారు, ఇటు ఉద్యోగులు కారు, కానీ ఆసుపత్రుల పక్కబట్టల మురికి వదిలించేది వాళ్ళ చేతులే అంది. అధ్యక్షుడు తలూపుతూ విన్నాడు. పిన్నికి కాస్త ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు అధికారి ఫైలు తెరిచాడు.

"మేడం చెప్పింది బాగానే ఉంది. కానీ రికార్డులు ఇంకో మాట చెబుతున్నాయి. ఈ లాండ్రీలో పదమూడు మంది కాంట్రాక్టు ఆడవాళ్ళున్నారు. పదకొండేళ్ళలో ఏ ఆసుపత్రిలోనూ వీళ్ళ పేరున ఒక్క చీటీ లేదు. వచ్చారనీ లేదు, తిప్పి పంపామనీ లేదు. పదమూడు మందికీ రాయిలాంటి ఆరోగ్యం." పేజీ తిప్పాడు. "అదే గదిలో కార్డున్నావిడ ఒకరున్నారు. ఆవిడ మాత్రం అరవై మూడు సార్లు వచ్చారు. కార్డు ఇస్తే జబ్బులు పుడతాయని నేననను గానీ, లేనివాళ్ళు బాగానే ఉన్నారని మాత్రం కాగితమే అంటోంది."

బల్ల వెనక ఇద్దరు నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు గానీ, లాయరమ్మ వంక చూసి, "దీనికేమంటారమ్మా?" అన్నాడు.

లాయరమ్మ పిన్ని వైపు తిరిగి, "ఒక్కసారి కూడా వెళ్ళలేదా మీరెవరూ?" అంది మెల్లిగా. ఆ అడగడంలో కోపం లేదు. రెండేళ్ళు తిరిగిన మనిషి అలిసిపోయి అడిగినట్టు ఉంది.

పిన్నికి కార్డక్క చెప్పింది గుర్తుంది. నోరు జారకు. కానీ ఇప్పుడు నోరు మూసుకుంటే పదమూడు మందికీ ఎప్పటికీ జబ్బు చేయనట్టే. రఫూ చేసే ఆవిడ నెలకి ఇరవై రోజులు నెత్తురు కారుస్తూ సూది పట్టుకుని కూర్చోనట్టే. కార్డక్క అక్కడ పచ్చబడిపోతూ పైఆఫీసు కోసం ఎదురుచూడాల్సిందే.

లేచి నిలబడింది.

"ఆ పిత్తాశయం నాది బాబూ" అంది.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. పిన్ని కుడిపక్క చెయ్యి ఆనించి మళ్ళీ చెప్పింది. "ఆ అరవై మూడు సార్లలో ఆవిడ వెళ్ళింది అయిదారు సార్లే. మిగతావన్నీ మేమే. ఆ అపెండిక్సు మా ఇస్త్రీ వదినది. ఆ కళ్ళు ఆవిడవి కావు. ఆ మోచేయి మూటలు దించే ఆవిడది. ఆవిడ ఒంట్లోంచి ఎవరూ ఏమీ తీయలేదు. అన్నీ ఉన్నాయి. ఉన్నాయనే ఇప్పుడు చచ్చిపోతోంది."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఫొటో చెదిరిన సంగతి, తేదీ అడిగితే పైకి చూడమని తను నేర్పిన సంగతి, ఒకరికి వాడింది ఇంకొకరికి పనికిరాని సంగతి, అన్నీ చెప్పింది. రఫూ చేసే ఆవిడ దగ్గరికొచ్చేసరికి, "అయిపోయిందని చెప్పాను బాబూ. నా నోటితో నేనే చెప్పాను" అని మాత్రం అనగలిగింది.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదంతా రాసుకున్నారా?" అని పక్కనున్న టైపిస్టుని అడిగాడు. రాసుకున్నామన్నారు. చదివి వినిపించి పిన్ని చేత సంతకం పెట్టించారు. "మీరు ధైర్యంగా చెప్పారమ్మా. మా నివేదికలో దీనికి తప్పకుండా చోటిస్తాం" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. పిన్ని దణ్ణం పెట్టింది.

చివరి కుర్చీలో అధికారి లేడు. ఎప్పుడు లేచి వెళ్ళాడో ఆవిడ చూడలేదు. లాయరమ్మ చూసింది. మెట్లు దిగుతుంటే పిన్ని భుజం మీద చెయ్యి వేసి, "తొందరగా ఆసుపత్రికి వెళ్ళండి" అంది.

పిన్ని వెళ్ళేసరికి కబురు ముందే అందింది. తప్పుగా వాడినట్టు రాతపూర్వకంగా ఒప్పుకుంటే కార్డు ఆ క్షణమే ఆగిపోవాలని నియమంట. ఎవరి చేతిలోనూ ఏమీ లేదంట. కార్డుల కిటికీలో గుమాస్తా ఇదంతా ఎంతో మర్యాదగా చెప్పాడు.

కుర్ర డాక్టరు వరండాలో ఎదురొచ్చాడు. "అది ఎవరిదో ఇవాళ తేలింది. ఇవాళే చేసేసేవాణ్ణి. కానీ ఆగిపోయిన కార్డు మీద థియేటరు ఇవ్వరు. రెండు సార్లు అడిగాను." ఆయన మొహం చిన్న పిల్లాడి మొహంలా అయిపోయింది. "పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిస్తాను. అక్కడ కార్డు అడగరు. అంబులెన్సు కూడా నేను మాట్లాడాను. మూడు గంటల దారి. దారిలో నీళ్ళు తాగించకండి."

మధ్యాహ్నపు ఎండలో అంబులెన్సు ఊరు దాటింది. పిన్ని స్ట్రెచరు పక్కన ఇనుప బల్ల మీద కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా కార్డక్క పళ్ళు బిగించేది. ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడగలేదు. ఆవిడకి తెలిసిపోయింది.

చాలా దూరం పోయాక, "చెప్పేశావా?" అంది.

"చెప్పేశానక్కా."

"అన్నీనా?"

"అన్నీ."

"నమ్మారా?"

"నమ్మారు. ప్రతి ముక్కా రాసుకున్నారు. చదివి వినిపించారు కూడా."

కార్డక్క అంబులెన్సు కిటికీ అద్దం వంక చూసింది. అది తెల్లరంగు పూసిన అద్దం. అందులోంచి ఏమీ కనపడదు.

"మరింకేం" అంది. అది కోపమో, ఓదార్పో, ఊరికే అన్న మాటో, పిన్ని ఇప్పటికీ తేల్చుకోలేదు.

పెద్దాసుపత్రి వరండాలో మంచాలకన్నా మనుషులు ఎక్కువ. అయినా డాక్టరు ఉత్తరం చూసి వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. ఊగే తలుపుల దగ్గర నర్సు ఆపింది. "మీరు ఏమవుతారు?"

"కలిసి పనిచేస్తాం."

"అయితే ఇక్కడే ఉండండి."

తలుపులు అటూ ఇటూ ఊగి ఆగిపోయాయి. ఆగాక గానీ, కార్డక్కకి తను ఏమీ చెప్పలేదని పిన్నికి తట్టలేదు. జీవితమంతా ఎవరు గడప దాటినా గేటు దాకా వెళ్ళిన మనిషి, ఇక్కడ నర్సుకి జవాబు చెప్పే హడావిడిలో అక్క వెళ్ళడమే చూడలేదు. తలుపు తోసుకుని వెళ్దామని ఒక అడుగు వేసింది. గాజు అవతల ఎవరివో తెల్లకోట్లు కదులుతున్నాయి. ఆగిపోయింది.

ఆపరేషను చేశారు. లోపల పగిలి చీము పొట్టంతా పాకిందన్నారు. శనివారం పొద్దున్నే కార్డక్క పోయింది. పెద్ద డాక్టరమ్మ బయటికొచ్చి, "రెండు మూడు రోజుల ముందు తెచ్చుంటే" అంది. పిన్ని, "తెచ్చామండి, సోమవారమే" అంది.

లాండ్రీలో ఎవరూ పిన్నిని ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేదని ఆవిడకి అనిపించేది. ఇస్త్రీ వదిన ఒకసారి మాత్రం, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "నువ్వు చెప్పకపోయినా అక్క పోయేదేలే" అంది. పెట్టె మళ్ళీ అందుకుంటూ, "చెప్పకపోతే ఆ కార్డు ఇంకా రెండు మూడు రోజులు నడిచేదేమో" అంది. అని, అలా అన్నందుకు తనే ఏడ్చింది.

కమిటీ వాళ్ళు మూడు నెలలకి మళ్ళీ కూర్చుంటామన్నారు. కూర్చోలేదు. వాయిదా వేశారు, మళ్ళీ వేశారు. లాయరమ్మ ఒక రోజు వచ్చి మడతబల్ల దగ్గర నిలబడి, "మీరు చెప్పింది మన తరఫున ఎంత బలమో, అంత అడ్డం కూడా అయింది పిన్నీ. దొంగతనంగా వాడుకున్నవాళ్ళ మాట కింద కొట్టేస్తున్నారు. మీ పేర్లు రిజిస్టర్లలో లేవన్నదే వాళ్ళ పట్టు. మీరు వెళ్ళినట్టు, తిప్పి పంపినట్టు కాగితం కావాలి" అంది.

అప్పటి నుంచి పిన్ని కొత్త పని మొదలుపెట్టింది. లాండ్రీలో ఎవరికి ఏ జబ్బు చేసినా పొద్దున్నే వాళ్ళని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేది. ఇప్పుడు నేర్పాల్సిన జవాబులేమీ లేవు. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోవడమే. కిటికీ ముందు వరసలో నిలబడేవారు, కార్డు లేదనేవారు, లేకపోతే చూడరని గుమాస్తా అనేవాడు. ఆ మాటే రాసిమ్మని పిన్ని అడిగేది. మొదట్లో విసుక్కున్నాడు. తరవాత అలవాటు పడ్డాడు.

ఆ రోజు కొత్తమ్మాయిని తీసుకెళ్ళింది. తొమ్మిదో నెల. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. పొద్దున మూట విప్పుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ముందు పెద్దాసుపత్రికే పోదామంది పిన్ని. "మూడు గంటలు బస్సులో కూర్చోలేను పిన్నీ" అంది ఆ పిల్ల.

"పేరు?" అన్నాడు గుమాస్తా.

కొత్తమ్మాయి తన పేరు చెప్పింది.

"జబ్బేమిటి?"

"నెలలు నిండాయి. ఒళ్ళంతా నీరు. కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయంటోంది" అంది పిన్ని.

గుమాస్తా తలెత్తి ఆ పిల్ల కాళ్ళ వంక చూశాడు. కలం ఆగింది.

"ఇది తిప్పి పంపే కేసు కాదమ్మా."

"మరి చూస్తారా బాబూ?"

అతను పక్క కిటికీ వైపు చూశాడు, వెనకనున్న అధికారి గది వైపు చూశాడు. అక్కడ తలుపు వేసి ఉంది. తల దించుకుని, కార్డు లేదు గనక చూడలేదని ఎప్పటి మాటే రాయడం మొదలుపెట్టాడు. ముద్ర కొట్టి, కాగితం చువ్వల సందులోంచి బయటికి తోశాడు. ఆవిడ మొహం చూడలేదు.

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని పేరు సరిగ్గా ఉందో లేదో, తారీఖు పడిందో లేదో చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాగితం జాకెట్లో దాచుకుని కొత్తమ్మాయి నడుం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ ఆసుపత్రి ముందు మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగాల్సి వచ్చింది. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటూ పక్కనుంచి దిగిపోతున్నారు.

"ఇంకా ఎన్నున్నాయి పిన్నీ?" అంది ఆ పిల్ల కళ్ళు మూసుకునే.

"కొన్నే" అంది పిన్ని.